వాము వేసిన బిస్కెట్లు

ఈ పొద్దున నేను పప్పుకు పోపు పెడుతుండగా భూపాలపల్లి నుంచి మా చెల్లె ఫోన్ చేసింది. మా ఇద్దరి మధ్య ఫోన్లు పండుగకో, చావుకో తప్ప ఉండవు. ఈ రోజు పండుగ కాదు. మంట తగ్గించి, గుండె చిక్కబట్టుకుని ఎత్తాను. అందరూ బాగానే ఉన్నారు. మంచీచెడ్డా అయ్యాక కొంచెం నసిగి అసలు సంగతి చెప్పింది. వాళ్ల మనుమరాలు ఎక్కడినుంచో కుక్కపిల్లను తెచ్చిందట, ఎత్తుకుంటే దించదట. "అక్కా, సేటుకు చేసేదానివి గదా బిస్కెట్లు, గవి ఎట్ల చేస్తరో జర చెప్తవా?" అన్నది. మళ్లీ చేస్తానని పెట్టేసి చూస్తే పోపు మాడి బొగ్గయింది. రెండోసారి పోపు పెట్టే ఓపిక లేక స్టూలు మీద కూర్చుని అటక వైపు చూశాను. అక్కడ నాలుగేళ్ల నుంచి పాత అల్యూమినియం కుక్కరు ఒకటి బోర్లించి ఉంది. దాన్ని దించమని నేను ఎవరినీ అడగలేదు, ఎవరూ దించలేదు.

ఆ కుక్కరు సంగతి చెప్పాలంటే ముందు సేటు సంగతి చెప్పాలి. జనగామలో మాది కిరాణా దుకాణం, దుకాణం వెనకే ఇల్లు. మా ఆయన ఏటా ఎండాకాలంలో మిరపకాయలు కొనడానికి మహబూబాబాద్ పోతాడు. ఆ ఊరిని మానుకోట అనడం ఆయనకు అలవాటు, జిల్లా అయినా మానలేదు. ఒక ఏడు అలాగే పోయి, మిర్చి బస్తాలతో పాటు ఒక కుక్కపిల్లను కూడా తెచ్చాడు. తేలేదు, అదే వచ్చింది అంటాడు ఇప్పటికీ. ట్రాలీలో బస్తాల సందున పడుకుని ఉందట, ఇక్కడ దించేటప్పుడు చూశారట. గోధుమరంగు ఒళ్లు, ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలిపోయి, వారం రోజులు ఆపకుండా తుమ్మింది. తుమ్ములు తగ్గాక మొదట చేసిన పని దుకాణంలో మా ఆయన కూర్చునే మెత్త ఎక్కి కూర్చోవడం. అప్పటినుంచి అది సేటు. గిరాకీకి వచ్చినవాళ్లు "సేటూ, అర్ధకిల చక్కెర" అని పిలిస్తే మా ఆయన కంటే ముందు అది తలెత్తి చూసేది.

మా ఇంట్లో మాంసం, గుడ్డు రావు. కాబట్టి సేటు కూడా మాలాగే పప్పన్నం, పెరుగన్నం తిని పెరిగింది. కానీ దుకాణంలో సీసా నిండా బిస్కెట్లు ఉంటాయి కదా, వచ్చిన ప్రతివాడూ ఒకటి కొని దాని నోట్లో పెట్టేవాడు. రెండేళ్లు తిరిగేసరికి అది నడిచే బస్తాలా తయారై, వీపు మీద వెంట్రుకలు ఊడి, పొద్దస్తమానం గోక్కునేది. పశువుల దవాఖాన డాక్టరు దాన్ని తిప్పి తిప్పి చూసి, "చక్కెర బంద్ చేయాలె, ఉప్పు బంద్ చేయాలె, ఇంట్ల ఏదన్న చేసి పెట్టుండ్రి" అన్నాడు. ఇంట్లో అంటే నేనే కదా. పక్కింటి పిల్ల ఫోన్‌లో కుక్క బిస్కెట్లు ఎలా చేస్తారో చూపించింది. అందులో అన్నీ బొక్క ఆకారంలో, ఎముక ముక్కల్లా ఉన్నాయి. అది చూసి మా అత్తమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "మా వంటింట్ల బొక్కలా? నేను సచ్చినంక చేసుకోండ్రి" అన్నది. కుక్కకోసం పొయ్యి ముట్టించే కొంపను లోకంలో ఇదొక్కటే చూశానని కూడా అన్నది, కానీ పొయ్యి వద్దనలేదు. అందుకని నావి గుండ్రంగానే చేశాను.

జొన్నపిండి, ఉడకబెట్టి మెత్తగా నలిపిన గుమ్మడికాయ, వేయించి పొట్టు తీసి దంచిన పల్లీలు, పిండి పట్టుకోవడానికి ఒక చెంచాడు నువ్వుల నూనె. ఉప్పు లేదు, బెల్లం లేదు. రబ్బరు అరిగిపోయి ఈల వేయడం మానేసిన కుక్కరులో అడుగున దొడ్డుప్పు పోసి, అది కాలాక పైన పళ్లెంలో బిల్లలు పేర్చి, మూత పెట్టి సన్నని మంట మీద వదిలేయాలి. గుమ్మడికాయ తియ్యటి వాసన ముందు వస్తుంది, పల్లీ వాసన తర్వాత వస్తుంది, జొన్న కాలిన వాసన వచ్చిందంటే దించాలి. దించినప్పుడు ముట్టుకుంటే మెత్తగా ఉంటాయి. మొదటిసారి అది తెలియక, కాలలేదనుకుని మళ్లీ పెట్టి మాడ్చాను. కాలినవి గట్టిపడేది పొయ్యి మీద కాదు, పళ్లెంలో ఆరేటప్పుడే. సేటు గడప దగ్గర ముందుకాళ్లు చాచి పడుకుని, అవి ఆరిందాకా చొంగ కార్చుకుంటూ కాపలా కాసేది. మొదటి బిస్కెట్టు విరిగిన చప్పుడు వినాలని నేను కూడా పని ఆపి నిలబడేదాన్ని.

ఒకరోజు మా అత్తమ్మ మాకోసం చేసినవనుకుని రెండు తిన్నది. "ఉప్పు మర్శినవ్ కోడలా. అయినా కరకర మంచిగనే ఉన్నయి" అన్నది. ఏమిటవని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఆ రోజు నుంచి సేటు బిస్కెట్లన్నింటి మధ్యన నా బొటనవేలు గట్టిగా ఒత్తి గుంట పెట్టేదాన్ని. గుంట ఉంటే సేటువి, లేకుంటే మనుషులవి. తెలియక తిన్నది మా ఇంట్లో మా అత్తమ్మ ఒక్కతే. తెలిసి తిన్నవాళ్ల సంగతి ఇప్పుడు చెబుతాను.

నాలుగేళ్ల కింద వానలు మొదలైనప్పుడు నాకు కుడి మోకాలు మార్చారు. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసిన డాక్టరు ఇంట్లో ఎగిరి మీద పడే కుక్క ఉందని విని, ఆపరేషన్‌కు ముందే దాన్ని పంపి, మూడు నెలలు వేరే చోట ఉంచమన్నాడు. నాకు ఇంకెవరు తడతారు, చెల్లె తప్ప? మా అమ్మ పోయేనాటికి దానికి తొమ్మిదేళ్లు. దానికి జడలేసిందీ, జ్వరమొస్తే ఒళ్లో పెట్టుకున్నదీ, పెళ్లికి పట్టుచీర ఎంచిందీ నేనే. భూపాలపల్లిలో మా మరిదికి, అంటే చెల్లె మొగుడికి, బట్టల దుకాణం, ఇంటి ముందు గేటు, పెద్ద వాకిలి. "నీ సేటు నా బిడ్డ లెక్కనే ఉంటది, నువ్వు పరేషాన్ గాకు" అని అదే వచ్చి కారులో తీసుకుపోయింది. కారు వెనకద్దంలోంచి సేటు వాలిన చెవి కనబడుతుంటే నేను తలుపు పట్టుకుని ఏడ్చాను. సేటుకు బిస్కెట్లు ఆగకూడదని ఆ రోజే అనుకున్నాను. నన్ను మరిచిపోకుండా ఉండాలంటే నా చేతి తిండి దాని కడుపులో పడుతూ ఉండాలని నా లెక్క.

మొదటి రెండు వారాలు నేను మంచం దిగలేదు. పిండి కలిపింది ఎవరనుకున్నారు? కుక్కకు పొయ్యేమిటన్న మా అత్తమ్మ. ఎనభై ఏళ్ల చేతులతో కలిపి, బిల్లలు చేసి, పళ్లెం నా మంచం దగ్గరికి తెస్తే నేను ఒక్కొక్కదాని మీద బొటనవేలు ఒత్తేదాన్ని. తర్వాత వాకర్ పట్టుకుని వంటింటిదాకా పోవడం, ఆ తర్వాత పొయ్యి ముందు స్టూలు మీద కూర్చోవడం, చివరికి నిలబడటం. ప్రతి శనివారం మా ఆయన డబ్బాకు దుకాణపు సుతిలి రెండు చుట్లు కట్టి, బస్సు పార్సిల్లో వేసి వచ్చేవాడు. తర్వాతి వారానికి ఖాళీ డబ్బా కడిగి తిరిగొచ్చేది, పొడి కూడా మిగలకుండా. అది చూసి నేను మురిసిపోయేదాన్ని.

ఫోన్ చేస్తే సేటు ఎప్పుడూ వాకిట్లో తిరుగుతూ ఉండేది, లేకుంటే అప్పుడే తిని పడుకునేది. చెల్లె ఫోన్‌లో కెమెరా కరాబైంది. ఒకసారి పట్టుబట్టి, దాని గొంతు వినిపించమన్నాను. కొంచెంసేపటికి మొరుగుడు వినబడింది. కొంచెం బొంగురుగా ఉంటే చలువ చేసిందేమో అనుకున్నాను. దానితో చాలాసేపు మాట్లాడాను. మందులు వేసుకుంటున్నాను, నడుస్తున్నాను, దసరా లోపల వచ్చి తీసుకుపోతాను, అలిగి తిండి మానకు అని చెప్పాను. ఇంకోసారి చెల్లె అన్నది: "అక్కా, ఈసారి బిస్కెట్లల్ల జర వాము ఎయ్యి. దానికి అరుగుతలేదేమో అనిపిస్తున్నది. జర పలుసగ ఒత్తు." కుక్క అరుగుదల కూడా చూస్తున్నదని చెల్లె మీద ప్రేమ పొంగి, మంచి వాము ఏరి, నలిపి వేశాను. మా ఆయనతో ఆ మాట చెప్తే పేపరు వెనకాల దగ్గాడు. ఆయనకు దగ్గు మామూలే కాబట్టి నేను పట్టించుకోలేదు.

దసరాకు ముందు, కర్ర పట్టుకుని నడవడం వచ్చాక, భూపాలపల్లి పోతానన్నాను. మా ఆయన మొదట ఎండలన్నాడు, తర్వాత వానలన్నాడు, ఆ తర్వాత బతుకమ్మ గిరాకీ వదిలి రాలేనన్నాడు. మీరు రాకున్నా సరేనని డబ్బా సంచిలో వేసుకుని, చెల్లెకు చెప్పకుండా బస్సెక్కాను. హనుమకొండలో బస్సు మారి, మోకాలు చాచుకోవడానికి చోటు లేక అవస్థపడి, గేటు తీసేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. సేటు పరుగెత్తుకు వచ్చి మీద పడుతుందని ముందుగానే గోడ పట్టుకుని నిలబడ్డాను. ఏదీ రాలేదు. వరండాలో మా మరిది చాయ్ తాగుతున్నాడు. పక్కన చిన్న ప్లేటులో మూడు బిస్కెట్లు. ఒకటి చాయ్‌లో ముంచి అప్పుడే తీశాడు. దాని నడుమ నా బొటనవేలి గుంటలో చాయ్ నిలబడి ఉంది.

"వదినె..." అంటూ లేచాడు. చేతిలోది కప్పులో పడింది.

"సేటేది?" అన్నాను.

చెల్లె లోపలినుంచి వచ్చి, నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు తెలిసింది నాకు ఆ ఇంట్లో కుక్క లేదని. గొలుసు లేదు, నీళ్ల గిన్నె లేదు, వాకిట్లో కుండీల దగ్గర మట్టి గీకిన ఆనవాలు కూడా లేదు. ఒక్కొక్క మాటే బయటికి లాగాను. సేటు ఆ ఇంట్లో ఉన్నది నాలుగు రోజులు. పొద్దూమాపూ ఏడ్చిందట, పక్కింటివాళ్లు లొల్లి పెట్టారట. మరిది వాళ్ల పొలం బచ్చన్నపేట దగ్గర ఉంది. ఆ పొలం కౌలుకు చేసే ఆయన నాలుగో రోజు పనిమీద వచ్చాడట. చేనుకు అడవి పందులు వస్తున్నాయి, కావలికి ఉంటుందంటే ఆయన వెంట తోలేశారట. "నీకు ఆపరేషన్ అయి వారం గాలె. చెప్తే ఏడుస్తవని చెప్పలే అక్కా. ఆ శనివారమే నీ డబ్బా వచ్చె. ఎట్ల చెప్పాలె?" అని చెల్లె ఏడుస్తున్నది. మరిది తల వంచుకుని, "నాకు షుగరు గదా వదినె, బజార్ల ఏ బిస్కెట్టు కొన్నా చక్కెరే. ఒక్కటి తిని చూసిన, మంచిగున్నది" అన్నాడు. ఆయన పాపం నిజమే చెప్పాడు. ఆ ఇంట్లో నేను విన్న మొదటి నిజం అది.

నాకు నవ్వు కూడా వచ్చి ఉండాల్సింది. ఇప్పుడు తలచుకుంటే అప్పుడప్పుడు వస్తుంది కూడా. ఆ రోజు మాత్రం ఒళ్లంతా మండిపోయింది. కుక్కను ఇచ్చేసినందుకు కాదు. ఇంట్లో పెట్టుకోలేమని చెబితే, నేనే వేరే దారి చూసుకునేదాన్ని. కానీ డబ్బా తరువాత డబ్బా, నేను నొప్పికి పళ్లు బిగబట్టి చేసినవి తిని, పలుచగా చెయ్యమని, వాము వెయ్యమని అడిగింది చూడండి, అది నా కడుపులో దిగబడింది. "ఆ రోజు ఫోన్ల మొరిగింది ఎవలు?" అని అడిగాను. "ఎదురింటోళ్ల కుక్క" అన్నది. నా గోడంతా నేను చెప్పుకున్నది ముక్కూమొహం తెలియని ఎదురింటి కుక్కకన్నమాట. మంచినీళ్లిస్తే తాగలేదు. డబ్బా మూత కూడా తీయకుండా పట్టుకుని తిరుగు బస్సెక్కాను.

ఇంటికి వచ్చి చెప్తే మా ఆయన నోరు తెరిచాడు. "గట్లెట్ల జేసిండ్రు!" అన్నాడు. మా అత్తమ్మ చెల్లెను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. బచ్చన్నపేట మా ఊరికి పక్కనే, ఆటోలో పోయి రావచ్చు. భూపాలపల్లికి బస్సులో బిస్కెట్లు పంపుతున్నన్ని రోజులూ సేటు నాకు ఇంత దగ్గరలో ఉన్నదన్నమాట. మర్నాడు పొద్దున్నే ఇద్దరం ఆటోలో బయలుదేరాం. నా ఒళ్లో అదే డబ్బా. ఊరు దాటాక దారి రెండుగా చీలిన చోట డ్రైవరు ఆపి, "ఎటు పోవాలె?" అన్నాడు. నేను ఎవరినైనా అడుగుదామని తల బయటికి పెట్టేలోపు మా ఆయన, "పత్తి మిల్లు దాటినంక ఎడమకు. మట్టిరోడ్డు వస్తది, జర మెల్లగ పో, గుంతలున్నయి" అన్నాడు.

అని నాలుక కరుచుకున్నాడు. ఆటో ఎడమకు తిరిగింది. గుంతలు కూడా సరిగ్గా ఆయన చెప్పిన చోటే ఉన్నాయి.

"మీకు ఎప్పటి సంది ఎరుక?" అన్నాను.

"రెండో నెల సంది. నీ మరిది చెప్పిండు."

"మరి డబ్బాలెందుకు మోసిండ్రు?"

ఆయన బయటికి చూస్తూ, "ఆ బిస్కెట్ల కోసమే గదా నువ్వు మంచం దిగింది. బంద్ జేస్తే మళ్ల పడుకుంటవని" అన్నాడు. నా మంచికే అన్నమాట. చెల్లెదీ నా మంచికే, ఈయనదీ నా మంచికే. అందరూ కలిసి నాకు ఇంత మంచి చేస్తుంటే ఒక్కరు కూడా నాకు చెప్పలేదు. నలభై ఏళ్లకు దగ్గరపడిన కాపురంలో ఈ మనిషి ముందు రోజు నా ముందు నోరు తెరిచి ఆశ్చర్యపోయిన ఆ మొహం నాకు గుర్తొచ్చింది. చెల్లె అబద్ధం ఫోన్‌లో విన్నాను, ఈయనది కళ్లారా చూశాను. చేను రాగానే కర్ర పట్టుకుని దిగాను.

పత్తి విచ్చుతున్నది. మంచె కింద కౌలాయన భార్య ఒడిలో పత్తి ఏరుకుంటున్నది. సేటు ఆటో చప్పుడుకు లేచి మొరిగి, తోక ఊపుతూ పరుగెత్తుకు వచ్చింది, మొదట మా ఆయన దగ్గరికి. జేబు వాసన చూసింది. ఆయన ఎన్నిసార్లు వచ్చాడో, జేబులో దుకాణపు చక్కెర బిస్కెట్లే తెచ్చాడో నేను అడగలేదు. తర్వాత నా దగ్గరికి వచ్చింది. సన్నబడింది, వీపు మీద వెంట్రుకలు నిండుగా వచ్చాయి. నా కొత్త మోకాలు వాసన చూసి, ఒక్కసారి తుమ్మి, నా చెయ్యి నాకింది. సేటూ అంటే వాలిన చెవి కదిలింది. మరిచిపోలేదు. డబ్బా విప్పి ఒకటి పెట్టాను. వాసన చూసి, మొహం తిప్పి, నన్ను చూసింది. వాము. ఆ డబ్బానిండా వాము వేసినవే. మొహమాటానికి అన్నట్టు సగం కొరికి కింద వదిలేసింది. అంతలో ఆమె "రాజూ" అని పిలిచింది. నా చేతి కింది నుంచి తల తప్పించుకుని, వెనక్కి చూడకుండా పోయి ఆమె కాళ్ల దగ్గర పడుకుంది.

"మీదే గదా అమ్మా, తోల్కపోరి" అన్నది ఆమె. అంటూనే ఒక చెయ్యి దాని మెడ మీద వేసింది. ఆ చెయ్యి వేసిన సంగతి ఆమెకు కూడా తెలియదనుకుంటాను. అది నా వెంట వస్తుందని ఎంత ఆశపడ్డానంటే, మంచం దగ్గర గోనెపట్టా ఉతికించి పెట్టి మరీ వచ్చాను. కానీ గొలుసు కట్టి లాక్కుపోయేంత పాపం అదేం చేసింది? అబద్ధం చెప్పనిది అందరిలో అదొక్కటే. నా దగ్గరికి రానంటే రానని నా మొహం మీదే చెప్పింది. ఉండనీ అన్నాను. ఆటోలో ఎక్కాక మాత్రం, కొంగు అడ్డం పెట్టుకోకుండా, ఏడ్వాల్సినంత ఏడ్చాను.

ఆ వారమే కుక్కరు అటకెక్కింది. మా ఆయనతో పదిహేను రోజులకు మాట్లాడాను, ఒక ఇంట్లో ఉండి ఎన్నాళ్లు మాట్లాడకుండా ఉంటాం. ఇప్పటికీ ఆయన నా మంచికే అని మొదలుపెడితే నేను లేచిపోతాను. సేటును చూడటానికి పోతున్నాడని తెలుసు, అడగను. మా అత్తమ్మ కిందటి ఏడు పోయింది. చెల్లె వచ్చి పదకొండు రోజులు అన్ని పనులూ చేసింది. పెళ్లిళ్లలో పక్కపక్కన కూర్చుని భోంచేస్తాం, నా విస్తట్లో అప్పడం అది తీసుకుంటుంది. వాళ్లింటికి మాత్రం నేను మళ్లీ పోలేదు.

ఇందాక ఫోన్ చేశాను. రాసుకొమ్మన్నాను. జొన్నపిండి ఎంత, గుమ్మడికాయ ఎంత, పల్లీలు ఎంతసేపు వేయించాలి, దొడ్డుప్పు ఎంత మందంగా పోయాలి, జొన్న వాసన వచ్చేదాకా ఎలా ఆగాలి, ఒక్కటీ దాచుకోకుండా అన్నీ చెప్పాను. దించినప్పుడు మెత్తగా ఉంటే భయపడొద్దని కూడా చెప్పాను. అది ఒక్కొక్కటీ పైకి చదువుతూ రాసుకున్నది, చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టే. అంతేనా అక్కా, అని అడిగింది.

"వాము మాత్రం ఎయ్యకు. కుక్కలు వాము తినయి" అన్నాను.

"ఎయ్య అక్కా" అన్నది, చాలా చిన్న గొంతుతో. ఇంకేదో అంటుందేమోనని ఆగాను, నేనూ ఏదైనా అంటానేమోనని అదీ ఆగినట్టుంది. ఇద్దరం ఏమీ అనకుండానే పెట్టేశాం. కాలం అన్నీ చల్లారుస్తుందని మా అత్తమ్మ అంటుండేది, చల్లారుస్తుంది కూడా. కానీ నేను చేసిన బిస్కెట్లన్నీ చల్లారాకే గట్టిపడ్డాయి.